నర్సమ్మగారు నా పక్కన కూర్చోని ఆదివారం

పక్కింటి కోడలు పెరట్లో ఇత్తడి బిందెను కొబ్బరి పీచుతో తోముతోంది. ఆ గరగర చప్పుడు చెవిన పడితే చాలు, ఈ వయసులో కూడా నా ఒళ్ళు జలదరిస్తుంది. బిందె తళతళలాడేదాకా ఆ అమ్మాయి చెయ్యి ఆపదు. మా అమ్మా అలాగే ఆపేది కాదు. ఆవిడ తోమేది నన్ను.

డెబ్భైల మొదట్లో రాజోలు దగ్గర కాలువ గట్టున ఉండేది మా ఇల్లు. నాన్న కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్ళేవారు. నాకు పదేళ్ళప్పుడు మోచేతుల మీద, వీపు మీద ఎర్రటి మచ్చలు లేచాయి. వాటి మీద వెండి రంగు పొట్టు. పొద్దున్నే చాప మీంచి లేస్తే, పడుకున్న చోట సున్నం చల్లినట్టుండేది. గజ్జి అన్నారు కొందరు. కొందరు గొంతు తగ్గించి పెద్దరోగం అన్నారు, అంటే కుష్ఠు. తోటి పిల్లల తల్లులు గొడవ చేస్తే బడి మేష్టారు నాన్నని పిలిచి, తగ్గేదాకా ఇంటి దగ్గరే ఉంచమన్నారు. అమ్మకి మాత్రం ఒకటే తపన, ఆదివారం దేవుని సన్నిధికి నేను శుభ్రంగా వెళ్ళాలని. అందుకే ప్రతి శనివారం సాయంత్రం వేణ్ణీళ్ళు కాచి, ఆ పొట్టంతా ఊడేదాకా పీచుతో తోమేది. నెత్తురొచ్చేది. ప్రార్థన చేస్తూ, ఏడుస్తూ తోమేది. మరో పది పదిహేను రోజులకి, గీరుకున్న చోటల్లా కొత్త మచ్చ లేచేది.

కరుణమ్మగారు ఆ ఏడే మా పక్క వాటాలో దిగారు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి మానుకున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తెల్ల చీర, చేతికి మగవాళ్ళ గడియారం, కాస్త కరుకు గొంతు. ఒక శనివారం నా ఏడుపు విని దడి తోసుకుని వచ్చారు.

"ఏంటమ్మా ఆ పిల్లని చంపేస్తున్నావు?"

"మురికి వదలగొడుతున్నానండీ నర్సమ్మగారూ. రేపు ఆదివారం కదండీ."

"ఆపు ముందు. మురికైతే ఈపాటికి పోయుండేది."

పెరట్లో పడున్న కోడి ఈక ఒకటి తీసి కడిగి, నన్ను కళ్ళు మూసుకోమన్నారు. మచ్చల మీద ఒక్కొక్కచోటే ఆనిస్తూ "తగిలిందా?" అని అడిగారు. ప్రతిసారీ "ఆయ్, తగిలిందండీ" అన్నాను. పెద్దరోగం మచ్చకి సాధారణంగా స్పర్శ ఉండదని, అయినా డాక్టరుకి చూపించాలని అమ్మకి చెప్పారు. తర్వాత నా వీపు అమ్మ వైపు తిప్పారు. "ఈ మచ్చ చూడు, తాడు లాగినట్టు ఎలా ఉందో. ఇది నీ చెయ్యి నడిచిన దారి. ఈ జబ్బు ఎక్కడ గీరితే అక్కడ లేస్తుందమ్మా." అమ్మ తడి నేల మీదే కూలబడిపోయింది. కరుణమ్మగారు పక్కన కూర్చుని అమ్మ చేతిలోంచి పీచు మెల్లగా తీసుకున్నారు. "నీకెవరు చెప్పేరు గనక? ఇప్పుడు చెప్పేను. ఇక చాలు."

మరుసటి వారం తనే మమ్మల్ని బస్సెక్కించి కాకినాడ తీసుకెళ్ళారు. డాక్టరు చూసి సోరియాసిస్ అన్నారు. తిరిగి వస్తూ అమ్మ, ఎన్నాళ్ళకి పోతుందండీ అని అడిగింది. "పోదు. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చలికి ఎక్కువవుతుంది, బెంగపడినా ఎక్కువవుతుంది. ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి మాత్రం అంటదు. పోతుందని అబద్ధం చెప్పి నీ దగ్గర మంచిదాన్ననిపించుకోలేనమ్మా." ఆ రాత్రి అమ్మ పీచంతా పొయ్యిలో పెట్టేసింది.

అప్పట్నించీ మెత్తటి పాత పంచె ముక్కతో స్నానం, ఒంటి తడి ఆరకముందే కొబ్బరినూనె, డాక్టరిచ్చిన తారు వాసన మందు, పొద్దుటి ఎండలో కాసేపు. ఆ ఎండలోనే నా చదువు. బైబిలు చదవడం, లెక్కలు, ఒంటి సంగతులు, అన్నీ కరుణమ్మగారి అరుగు మీదే నేర్చుకున్నాను. పలక మీద చర్మం పొరలు గీసి చూపించేవారు. "అందరికీ కొత్త చర్మం రావడానికి నెల పడుతుంది. నీకు నాలుగైదు రోజుల్లోనే వచ్చెయ్యాలని తొందర. ఆ తొందర ఎందుకో డాక్టర్లకీ సరిగ్గా తెలీదు." పిల్లలు నన్ను పొలుసుల చేప అంటున్నారని ఒకసారి ఏడిస్తే, ఆవిడ నవ్వలేదు. "ఏ చేపో అడిగేవా? పులస అనమను. గోదారి ఎర్రబడితే గానీ దొరకదు. దొరికిన రోజు ఊరంతా దాని వెంటే" అన్నారు. నేనే ముందు నవ్వేశాను.

నా పదిహేనో ఏట కాలువలో బాప్తిస్మం ఇచ్చారు. ఇక ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో చేరాలి. మా సంఘంలో పాత్ర ఒకటే; ఒకరు తాగి పక్కవారికి అందిస్తారు. సంఘపెద్ద దానియేలుగారు ఇంటికొచ్చి, ఇబ్బందిగా కూర్చున్నారు.

"పిల్ల భక్తికి వంక లేదండీ. పాత్ర దగ్గరే ఆడవాళ్ళు జంకుతున్నారు. అందరూ అయ్యాక చివర్న ఇద్దామనుకుంటున్నాం, ఏమంటారు?"

అమ్మ అదే మహాభాగ్యమన్నట్టు తలూపబోయింది. నేను అక్కడే కూర్చున్న కరుణమ్మగారి వైపు చూశాను. వాదనలో ఆవిడని గెలిచినవాళ్ళు లేరు. ఆవిడ మాత్రం గడియారానికి కీ ఇచ్చుకుంటూ, "ఒళ్ళు నీది. జవాబూ నీదే" అన్నారు.

నేను దానియేలుగారి వైపు తిరిగాను. "ఇది సోరియాసిస్ అండీ. ముట్టుకున్నా అంటదు, కలిసి తాగినా అంటదు. డాక్టరుగారు చెప్పారండీ. చివర్న ఇస్తే, అంటుందని సంఘమంతటికీ మీరే చెప్పినట్టవుతుందండీ. నన్ను నా వరసలోనే కూర్చోనివ్వండి."

దానియేలుగారు నా చేతుల వైపు చూశారు. "ఆయ్. నీ వరసలోనే కూర్చో అమ్మా" అని లేచారు.

ఆ ఆదివారం నా పక్కన కరుణమ్మగారికి చోటు ఉంచాను. ఆవిడ నన్ను దాటుకుని రెండు వరసల ముందుకెళ్ళి కూర్చున్నారు. ఖాళీగా ఉన్న ఆ చోటులోకి, అందరికంటే ఎక్కువ జంకిన రత్నమ్మగారు వచ్చారు. పాత్ర నా దాకా వచ్చింది. తాగి అందించాను. రత్నమ్మగారు రెండు చేతులా పట్టుకుని ఆగిపోయారు. పాట అయిపోవచ్చింది, ఎవరో మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నారు. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. తాగారు. పక్కకి అందించారు.

బయటికొచ్చాక కరుణమ్మగారిని కోపంగా అడిగాను. "నా పక్కన ఎందుకు కూర్చోలేదండీ?"

"అంటదని నాకు తెలుసు. నేను తాగితే ఎవరికేం తెలుస్తుంది? రత్నమ్మకి తెలియాలి."

"ఆవిడ తాగకపోతేనో?"

"అప్పుడు నీ పక్కకొచ్చి ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం" అన్నారు.

కరుణమ్మగారు ఎనభైల చివర్లో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ చెప్పినట్టే నా జబ్బు పోలేదు. ప్రతి చలికాలం వస్తుంది, మందు రాసుకుంటాను, నెమ్మదిస్తుంది. పోగొట్టమని ప్రార్థించడం ఎప్పుడో మానేశాను. అలాంటి మనిషిని మా పక్క వాటాలోకి పంపినందుకు స్తోత్రం చెప్పుకోవడం మాత్రం మానలేదు. ఇప్పటికీ కొత్తవాళ్ళెవరైనా నా పక్కన కూర్చోబోయి తటపటాయిస్తే, నా తరఫున వాదించే పని ఇంకెవరికీ వదలను. నేనే జరిగి చోటిచ్చి, మామూలు గొంతుతో చెప్పేస్తాను. "సోరియాసిస్ అండీ. నన్ను వదలదు, మిమ్మల్ని అంటదు. కూర్చోండి."