మలుపు దగ్గర కుర్చీ

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను బడి మైదానంలో సున్నం గీతలు వేస్తున్నాను. ఏలూరు నుంచి వాళ్ళ పక్కింటాయన ఫోను చేసి, "మేడంగారండీ, మాస్టారు తెల్లారగట్ల నిద్రలోనే వెళ్ళిపోయారండీ" అన్నాడు. నేను "అలాగేనండీ" అన్నాను. చావు కబురుకి అలాగేనండీ అనే మనిషి ఎక్కడైనా ఉంటుందా? నేనన్నాను. ఫోను పెట్టేసి, సగం వేసిన గీత చివరిదాకా వేసి, అప్పుడు కూలబడి ఏడ్చాను. గీత మధ్యలో వదిలేస్తే ఆయన ఒప్పుకోరు మరి.

మీలో చాలామందికి ఆయన తెలియరు. పేపర్లో ఆయన ఫొటో ఎప్పుడూ పడలేదు. పెదపాడు అవతల, కొల్లేటి గాలి తగిలే మా ఊరి హైస్కూల్లో ఉద్యోగమంతా చేసి, ఏలూరులో చిన్న ఇంట్లో స్థిరపడిన మనిషి. ఆయన మొదలుపెట్టిన ఒక్క పని మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఏటా డిసెంబరులో చుట్టుపక్కల బడుల పిల్లలందరినీ మా మైదానానికి పిలిచి పరుగులు, దూకడాలు, గుండు విసరడాలు పెట్టి, ఆ ఏటి మేటి ఆటగాడికి ఒకటి, ఆటగత్తెకి ఒకటి ఇత్తడి కప్పులిస్తారు. కప్పు ఏడాదిపాటు ఇంట్లో ఉంచుకుని తిరిగి ఇవ్వాలి. ఆ ఇవ్వడానికీ ఆయన ఒక పద్ధతి పెట్టారు. పోయినేడు గెలిచినవాళ్ళే కప్పుని చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి తెచ్చి, ఈ ఏడు గెలిచినవాళ్ళ చేతిలో పెట్టాలి. వేదిక మీద ఎంత పెద్దాయన ఉన్నా చప్పట్లు కొట్టాల్సిందే తప్ప కప్పు ముట్టుకోకూడదు. "పుచ్చుకునేటప్పుడు అందరూ నవ్వుతారండీ. ఇచ్చేటప్పుడు నవ్వినవాడే మేటి" అనేవారు మాస్టారు.

ఆ కప్పు మా ఇంట్లో సరిగ్గా ఎనిమిది రోజులుంది. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాస్టారు పొట్టి మనిషి. ప్యాంటు మడమల పైకి మడిచి, మెడలో విజిలు వేసుకుని తిరిగేవారు. ఆ విజిలు ఊదగా వినలేదు నేను. చప్పట్లు చరిచేవారు, అంతే. కొట్టడం, తిట్టడం తెలియవు. కోపం వస్తే మాత్రం మమ్మల్ని 'మీరు' అనేవారు. "ఏవండీ, తమరు పరిగెడుతున్నారా, పేరంటానికి వెళ్తున్నారా?" అంటే ఇక ఆ రోజు మన పని అయిపోయినట్టే. బెత్తం దెబ్బలైనా నయం అనిపించేది.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకి. పోటీల రోజున అందరూ ముగింపు గీత దగ్గర గుంపు కడితే, ఆయన ఇనప కుర్చీ ఒకటి మోసుకుపోయి రెండో మలుపు దగ్గర వేసుకుని, ఒళ్ళో ఎర్ర జెండా పెట్టుకుని కూర్చునేవారు. అదేంటి మాస్టారూ, గెలుపు చూడరా అంటే, "గెలుపు చూడటానికి ఊరంతా ఉందిగా. మనిషి గీత తొక్కేది మలుపు దగ్గరే" అనేవారు. లోపలి గీత తొక్కితే దూరం తగ్గుతుంది. తొక్కిన పరుగు చెల్లదు. అప్పుడా జెండా లేచేది.

నేను పదో తరగతిలో ఉన్నాను ఆ ఏడు. నాన్న చేపల చెరువుల మీద కాపలా. నాకు చదువు అంతంత మాత్రం, కోపం మాత్రం ముక్కు మీదే. కాళ్ళు ఒక్కటే మాట వినేవి. ఆ ఏడు మేటి కప్పు నాకో, ఉంగుటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయికో అన్నట్టుంది. ఆ పిల్ల దూకడాలు రెండూ గెలిచేసింది, పాయింట్లలో నాకంటే ముందుంది. కానీ పాత రికార్డు ఎవరైనా బద్దలు కొడితే పాయింట్లు చూడకుండా కప్పు వాళ్ళకే. నాలుగు వందల మీటర్లంటే మా మైదానంలో రెండు చుట్లు. నేను పరిగెత్తాను. అర సెకను తేడాతో పాత రికార్డు పోయింది, కప్పు నాదైంది. నాన్న చెరువుగట్టు వదిలేసి వచ్చి చూశాడు. నన్ను భుజాన ఎత్తుకున్నాడు, పదో తరగతి పిల్లనని కూడా చూడకుండా.

ఆ ఆదివారం పాస్టరుగారు చర్చిలో కప్పు పైకెత్తి చూపించి ప్రార్థన చేశారు. పేటలో ముసలమ్మలు కూడా వచ్చి దాన్ని నిమిరి పోయారు. అమ్మ దాన్ని బైబిలు పక్కన పెట్టి, పొద్దునా సాయంత్రం పైటచెంగుతో తుడిచేది. నేను నేల మీద నడిస్తే ఒట్టు.

ఎనిమిదో రోజు సాయంత్రం మాస్టారు మా ఇంటికి వచ్చారు. సైకిలు హ్యాండిలుకి చుట్టచుట్టిన కొబ్బరి తాడు వేలాడుతోంది. అమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు. నా వైపు తిరిగి, "ఏవండీ, మీకొక మాట చెప్పాలండీ" అన్నారు.

'మీరు' అన్నారంటే కోపమొచ్చినట్టే. "నేనేం చేశానండీ?" అన్నాను.

"మీరేం చేయలేదండీ. నేను చేశాను."

సంగతి ఇది. బడిలో ఉన్న టేపు తెగిపోతే, ఆ ఏడు ఆయన కొబ్బరి తాడు కొలిచి ముళ్ళు వేసుకున్నారు. మలుపు గీయాలంటే మధ్యలో మేకు పాతి, దానికి తాడు కట్టి, బిగలాగి గుండ్రంగా తిప్పుతారు. పోటీలకి ముందు రోజంతా తుపాను తుంపర. తాడు వరండా బయట తడిసింది. తడిసిన తాడు కురచబడింది. ఆ కురచ తాడుతోనే గీశారు. ఎండాక మళ్ళీ ఎందుకో అదే మేకుకి కట్టి చూస్తే, పాత సున్నం గీత దాటి జానెడున్నర అవతలికి పోయిందట. లెక్క వేస్తే రెండు చుట్లకీ కలిపి నాలుగున్నర మీటర్లు తక్కువ పరిగెత్తాను నేను. ఆ నాలుగున్నరా కలిపితే రికార్డు పోలేదు.

నాన్న నోరు వెళ్ళబెట్టి విన్నాడు. "అందరూ ఆ గీతల మీదే కదా మాస్టారండీ పరిగెట్టింది?"

"అవునండీ. పరుగులో ఫస్టు మీ అమ్మాయేనండీ, దాన్నెవరూ తీసేయలేరు. కప్పు ఇచ్చింది మాత్రం రికార్డుకి కదండీ."

"ఎవరికి తెలుసండీ ఈ సంగతి?"

"నాకు తెలిసిందండీ. ఏం చేయమంటారు చెప్పండి."

మాస్టారు నాతో, "రేపు ఉంగుటూరు వెళ్దాం అమ్మా. బస్సులో నేనూ వస్తాను. నీ చేత్తోనే ఆ పిల్లకి ఇద్దువుగాని" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు ఆ పిల్లంటేనే ఇష్టం, మేమంటే లోకువ" అని కప్పు తీసి నేలకేసి కొట్టాను. అది ఆయన కాళ్ళ దగ్గరికి దొర్లింది. ఆయన వంగి తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, సైకిలు వెనక కట్టుకున్నారు. "నేనే ఇచ్చొస్తాలెండి" అని వెళ్ళిపోయారు. కప్పుకి పడిన సొట్ట ఇప్పటికీ ఉంది. ఎవరైనా బాగు చేయిస్తామంటే మాస్టారు ఒప్పుకునేవారు కాదు. ఏటా తోమిన పిల్లలు "ఈ సొట్టేంటి టీచర్?" అని అడుగుతారు. నాదే అంటాను.

మర్నాడు ప్రార్థన దగ్గర ఆయన ఆ తాడుని బడి మొత్తానికీ చూపించారు. బకెట్లో ముంచి, ముడి ఎంత వెనక్కి జరిగిందో కొలిచి చూపించారు. "పశువుల పగ్గం తడిస్తే బిగుసుకుంటుందని మా అమ్మకి తెలుసండీ, సంతకం కూడా రాని మనిషి. నాకు తెలియలేదు" అన్నారు. పిల్లలు గొల్లున నవ్వారు. ఆయనా నవ్వారు. నేను మాత్రం తల దించుకుని నా కాళ్ళ వైపు చూసుకున్నాను. చర్చిలో ఎత్తి చూపించిన కప్పు పోయిందని పేటంతా తెలిసింది. ఆ వారం నేను చర్చికి వెళ్ళలేదు.

అప్పటినుంచి ఆయన రోజూ పొద్దున్నే మైదానంలో కూర్చోవడం మొదలుపెట్టారు. తన జీతంలోంచి కొత్త స్టీలు టేపు కొన్నారట. గీతలన్నీ చెరిపి మళ్ళీ కొలిచి వేశారట. నేను పాల కేంద్రానికి కాలవగట్టు మీదుగా వెళ్తూ చూసేదాన్ని. మలుపు దగ్గర కుర్చీలో, మఫ్లరు కట్టుకుని, ఒక్కరే. పిలిచేవారు కాదు. నేను మొహం తిప్పుకుని పోయేదాన్ని. పదకొండు రోజులు అలా జరిగింది.

పన్నెండో రోజు నేను దిగి వెళ్ళాను. మనసు మారి కాదండోయ్. "నేను రాను, మీరింక ఇక్కడ కూర్చోకండి" అని మొహం మీదే చెప్పేద్దామని వెళ్ళాను. చెప్పాను కూడా.

"ఆ మాట చెప్పడానికైనా వచ్చావుగా. వచ్చిన కాళ్ళతో ఒక చుట్టు పరిగెత్తి పో" అన్నారు.

ఏం చేస్తాను! పరిగెత్తాను. అయ్యాక ఫ్లాస్కులోంచి రాగిజావ పోసి ఇచ్చారు. ఉప్పూ మజ్జిగా కలిపిన జావ. ఇద్దరం తాగాం. పరీక్షలు దగ్గరపడేదాకా రోజూ పరిగెత్తాను. రికార్డు పోలేదు. ఆఖరి రోజు రెండు చుట్లు తిరిగి వచ్చి గడ్డిలో పడిపోతే, ఆయన వాచీ నా కళ్ళ ముందు పెట్టారు. రికార్డు కంటే సెకనులో రెండే రెండు పదో వంతులు ఎక్కువ.

"రికార్డు పోలేదమ్మా" అన్నారు.

"కనిపిస్తోంది లెండి" అన్నాను.

"ఇది మాత్రం నీది. తాడుది కాదు" అన్నారు.

అప్పుడు ఆ మాట నాకు పెద్దగా ఎక్కలేదు. తర్వాత నేనూ వ్యాయామం టీచరునయ్యాను. తాడేపల్లిగూడెం పక్క కొన్నాళ్ళు చేసి, చివరికి మా బడికే బదిలీ మీద వచ్చాను. డిసెంబరు వస్తే మాస్టారు ఏలూరు నుంచి బస్సులో దిగేవారు, తిన్నగా కుర్చీ మోసుకుని మలుపు దగ్గరికి పోయేవారు. వేదిక మీదికి రండి అంటే, "అక్కడి నుంచి మలుపు కనపడదమ్మా" అనేవారు. పోయినేడు కుర్చీ నేను మోశాను. నా భుజం పట్టుకుని నడిచారు. నేను వేసిన గీతలు చూసి, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన మెచ్చుకోలు.

ఆయన్ని సాగనంపాక, నాలుగో రోజు పిన్నిగారిని చూడటానికి వెళ్ళాను. మాస్టారి ఇంటావిణ్ణి మేమంతా పిన్నిగారనే పిలుస్తాం. ఈ ఏడు పోటీలు ఆపేద్దామా అని అడిగాను. "చాల్లే, ఆయన లేచొచ్చి నిన్ను మీరు అంటారు" అంది ఆవిడ. ఇద్దరం నవ్వి, ఏడ్చాం. అప్పుడు చెప్పింది. "నువ్వు అలిగి రాని ఆ రోజుల్లో, ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా జావ పోయించుకు వెళ్ళేవారమ్మా. సగం అలాగే వెనక్కొచ్చేది. ఎందుకండీ రోజూ ఇద్దరికి, ఆ పిల్ల వచ్చిన రోజునే పోస్తాగా అంటే, ఏ రోజు వస్తుందో చెప్పి వస్తుందేంటే అనేవారు."

నాకు తెలియదు. ఇన్నేళ్ళూ నాకు తెలియదు. పన్నెండో రోజు నాకు పోసిన జావ ఆ రోజు నాకోసం కాచింది కాదు, పన్నెండు రోజులుగా నాకోసం కాస్తున్నది.

పోటీలు ఈ మధ్యనే జరిగాయి. కుర్చీ తీసుకెళ్ళి మలుపు దగ్గర వేసి, ఎర్ర జెండా ఒళ్ళో పెట్టుకుని నేనే కూర్చున్నాను. అమ్మాయిల నాలుగు వందల మీటర్లలో మా బడి పిల్ల, నేను రెండేళ్ళుగా తయారు చేసిన పిల్ల, అందరికంటే ముందుంది. ఆ పరుగు గెలిస్తే మేటి కప్పు తనదే. రెండో చుట్టులో మలుపు దగ్గర వెనకనుంచి ఒక పిల్ల దూసుకొచ్చింది. మా పిల్ల లోపలికి ఒరిగింది. ఒకటి, రెండు, మూడు అడుగులు. పాదాల కింద గీత మీది సున్నం లేచింది. నేను తప్ప ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ ముగింపు మీదే ఉన్నాయి.

జెండా ఎత్తడానికి ఒక్క క్షణం పట్టిందని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధమెందుకు? మా పిల్ల గెలిచి, చేతులెత్తి, వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి కావిలించుకునేదాకా అది నా ఒళ్ళోనే ఉంది. ఆ తల్లి మొహంలో మా నాన్న కనపడ్డాడు. అప్పుడు లేచి నిలబడి, జెండా ఎత్తాను.

కప్పు వేరే బడి పిల్లకి వెళ్ళింది. మా పిల్ల నా దగ్గరికొచ్చి, అందరి ముందూ, "మీరు మన బడి టీచరే కదండీ?" అంది. అవునన్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

పోటీలయ్యాక ఇవాళ నాలుగో రోజు. పొద్దున్నే వచ్చి కుర్చీ మీది మంచు తుడుచుకుని కూర్చుంటున్నాను. ఈ నాలుగు ముక్కలూ ఇక్కడే, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. నిన్న ఆ పిల్ల కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ, ఇటు చూడకుండా పోయింది. చూడకుండా పోవడానికి ఎంత కష్టపడాలో నాకు తెలుసు. నా గ్లాసులో జావ తాగేశాను. రెండో గ్లాసు కుర్చీ కాలి దగ్గర, మంచు పడకుండా మూత పెట్టి ఉంచాను.