నవ్విన చోట ఖాళీ

వినబడని విద్యార్థుల కోసం పాఠాల వీడియోల కింద మాటలు టైపు చేయడం నా ఉద్యోగం. సంగారెడ్డి దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో, కాంట్రాక్టు మీద. తరగతి గది మూలన బిగించిన కెమెరా పాఠాన్ని రికార్డు చేస్తుంది. మర్నాడు అది నా కంప్యూటర్‌కి వస్తుంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నదంతా అక్షరాల్లోకి దింపుతాను. గదిలో నేనొక్కదాన్నే. తోడుగా ఒక జిరాక్స్ మిషన్ ఉండేది, దాన్ని కూడా పై అంతస్తుకి పట్టుకుపోయారు. కిష్టారెడ్డిపేటలో అద్దెకుంటున్న ఫ్లాట్‌లోనూ నేనొక్కదాన్నే. మా ఆయన పోయి ఆరేళ్లయింది. పొద్దున ఆడవాళ్ల ఫ్రీ టికెట్‌కి కండక్టర్‌కి ఆధార్ చూపించి ఊరి పేరు చెప్పానంటే, మళ్లీ సాయంత్రం కండక్టర్‌కి చెప్పేదాకా నోరు తెరవని రోజులు ఎన్నో.

అంతకుముందు ఇరవై ఏళ్లు కోర్టు ఎదురుగా డీటీపీ సెంటర్‌లో పిటిషన్లు కొట్టాను. అక్కడి వకీళ్లు నేర్పిన విద్య ఒకటే: అక్కరలేని మాట కాగితం మీద పడకూడదు. గోదావరి వైపు నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో పనికొచ్చిన మా నాన్నకేమో మాట శుభ్రంగా ఉండాలని పట్టుదల. ఈ రెండూ కలిసి నేను తయారయ్యాను. కెమిస్ట్రీ సారు పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల్లో పదేళ్లు చేసి వచ్చిన మనిషి, ఆయనకి కబుర్లకు కొదవా? ఆయన క్లాసులో వినబడని పిల్ల ఒక్కతే. పాఠం మధ్యలో ఆయన కబుర్లలో పడ్డారంటే, "ఇదంతా ఆ పిల్లకెందుకు, పరీక్షలో వస్తుందా పాడా" అని ఎత్తేసేదాన్ని. పాఠం కడిగిన ముత్యంలా ఉండేది. నా పనితనానికి నేనే మురిసిపోయేదాన్ని, మెచ్చుకునే నాథుడు ఇంకెవడూ లేడు కదా.

ఆ పిల్లని ఏడాదిగా చూస్తున్నాను, వీడియోలో. ముందు బెంచీ, గోడ పక్క. ఎనిమిదో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది, మాట మిగిలింది. కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీ నుంచి బస్సులు మారి వస్తుంది. ఏదైనా మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం తెచ్చుకోవాలని ఆశ. ఇదంతా ఆమె దరఖాస్తులో చదివిందే తప్ప, మనిషి ఎన్నడూ ఎదురుపడలేదు.

ఒక మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో ఫారం. చదువు మానేసి టీసీ తీసుకోవాలంటే అన్ని సెక్షన్ల సంతకాలూ కావాలి. మా సెక్షన్ ఆమెకు ట్యాబ్ ఇచ్చింది కాబట్టి నాదీ కావాలి. చూస్తే అందరూ పెట్టేశారు, నాదొక్కటే మిగిలింది.

ఎందుకు మానేస్తున్నావని కాగితం మీద రాసి చూపించాను. చదివి, కాస్త గట్టిగానే మాట్లాడింది. తన గొంతు ఎంత పైకి పోతోందో తనకు తెలియదు.

"ఇగ నాతోని కాదు మేడం. క్లాసుల అందరు నన్ను జూసి నవ్వుతరు."

నిన్ను చూసే అని ఎవరు చెప్పారు, అని రాశాను.

"మీరే చెప్పిండ్రు."

నేనా! ఒళ్లు మండింది నాకు. ఏడాదిగా వేళ్లు అరిగేలా టైపు చేస్తున్నదాన్ని పట్టుకుని ఏమంటోందీ పిల్ల? ఆమె ట్యాబ్ తెరిచి, ఒక వీడియో పెట్టి నా వైపు తిప్పింది. సారు ఏదో అన్నారు. ముందు బెంచీలు విరగబడి నవ్వుతున్నాయి. కింద అక్షరం లేదు. పాఠం మళ్లీ మొదలయ్యాకే నా అక్షరాలు వచ్చాయి.

"సూడుండ్రి. అన్నీ రాస్తరు గద మీరు, నవ్విన కాడనే ఖాళీ. ప్రతి దాంట్ల గట్లనే. నాకు జెప్పరాని మాట గాబట్టే ఇడిసిపెట్టిండ్రు. క్లాసుల అందరితోని నేను గూడ నవ్వుత. ఇంటికి వోయి ఈ ఖాళీలు జూస్కుంట కూసుంట."

తల కొట్టేసినట్టయింది. ఆ ఖాళీలో ఏముందో నాకు తెలుసు. పటాన్‌చెరు గాలిలో ఏ గ్యాసుందో మనోళ్లు ముక్కుతోనే చెప్పేస్తారు, ఇంక లక్షలు పోసి మిషన్ ఎందుకు అన్నారు సారు. అంతే. ఆపాటి మాట రాయడానికి నాకు చేతులు రాక, ఒక పిల్ల ఏడాదిపాటు కుమిలిపోయింది. ఆ జోకు రాసిచ్చాను. చదివింది. నవ్వలేదు.

"మీరు గిప్పుడు కల్పించి రాస్తున్నరేమో. నాకేమెరుక?"

న్యాయమైన మాటే. "వారం ఆగమ్మా. ఈ సెమిస్టర్‌లో వదిలేసినవన్నీ రాసి పంపుతాను. ఒక్క మాట దాచను. అప్పటికీ వద్దంటే సంతకం పెడతాను" అని రాసి, ఫారం తీసి నా దగ్గర పెట్టుకున్నాను.

రోజూ జోకులు కొట్టి, ఏ రోజువి ఆ రోజే పంపాను. సారు గిట్ల అంటే గిట్ల అనే రాశాను, ఇలా అని దిద్దలేదు. చాలావరకు చప్పటి జోకులు. వీటికా తల్లీ నువ్వు ఏడ్చింది అనిపించేది.

నాలుగో రోజు ఒక పాత వీడియో తగిలింది. సారు ఒక సమీకరణం మూడోసారి చెప్పి "ఎక్కిందా?" అని అడిగారు. వెనక బెంచీల నుంచి ఎవడో, "చెవిటోని ముంగట శంఖమూదినట్టే సార్!" అన్నాడు. వాడు తన మొద్దు బుర్ర గురించే అన్నాడో ఏమో. కానీ తలలన్నీ ఆ పిల్ల వైపు తిరిగాయి, నవ్వులు మిన్నంటాయి. ఆమె చుట్టూ చూసింది. అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వింది. వెనక్కి తిప్పి ఆ ముఖం మళ్లీ చూశాను. ఏడుపొచ్చింది.

అప్పట్లో దీన్నీ అలవాటుగా ఎత్తేశాను. ఇప్పుడు చెయ్యి ఆడలేదు. రాస్తే పిల్ల వెళ్లిపోతుంది. రాయకపోతే ఇచ్చిన మాట పోతుంది. అడుగుదామంటే ఎవరున్నారు? టిఫిన్ డబ్బా తెరిచి, తినకుండానే మూసేశాను. చివరికి ఉన్నదున్నట్టు కొట్టి పంపించాను.

మర్నాడే వచ్చింది. ఫారం బల్ల మీద పెట్టి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"ఎవడు మేడం అన్నది?"

తెలియదని తల అడ్డంగా ఊపాను.

"గింతేనా? నేను ఇంకా ఘోరమనుకున్న." కళ్లు తుడుచుకుంది. "ఇది గూడ రాసిండ్రంటే, తక్కినయన్నీ నిజమే అన్నట్టు."

ఫారం వైపు చూసింది, తీసుకోలేదు. సంతకం పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వెళ్లిపోయింది. తర్వాతి రెండు రోజులూ నేను పడ్డ పరేషాన్ ఆ దేవుడికే తెలుసు.

మూడో రోజు కొత్త వీడియో. సారు బోర్డు నుంచి ఇటు తిరిగి, డౌట్లుంటే అడగమన్నారు. ముందు బెంచీలో ఆ పిల్ల చెయ్యెత్తి లేచింది.

"సార్, మీ శంఖం నాకు రాసిస్తున్నరు, నేను సదువుకుంటున్న. వెనక బెంచీలకు గూడ జెర రాసియ్యుండ్రి. వాళ్లకు ఊదితే ఎక్కుతలేదు."

గదంతా దద్దరిల్లిపోయింది. సారు డస్టర్‌తో బల్ల మీద కొట్టి మరీ నవ్వారు.

ఆమె మాటలు టైపు చేశాను. ఆ నవ్వు ఆమెకు వినబడదు, రేపు చదువుకోవాలి. అందుకని ఉత్తినే "నవ్వులు" అని వదలకుండా, సారు నవ్వారని, వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయని, పదకొండు సెకన్లు ఎవరూ ఆగలేదని రాశాను. ఒక్కదాన్నే ఆ గదిలో నేనూ పకపకా నవ్వాను. అది రాయడానికి మాత్రం ఎక్కడా చోటు లేదు.