ముప్పై సెకన్ల వాచీ

అమీర్‌పేటలో నాకు కంప్యూటర్ కోర్సు చెప్పిన సార్‌కి ఒక వాచీ ఉండేది. మీగడ రంగు డయలు, అందులో మూడు బుల్లి డయళ్లు, పక్కన రెండు బొత్తాలు. పాతకాలపు ఫ్యాషన్‌లో కొత్తగా చేసిన, సెల్లు లేకుండా చేతి కదలికకే నడిచే ఆటోమేటిక్. మాక్ ఇంటర్వ్యూ రోజున దాన్ని విప్పి టేబుల్ మీద పెట్టేవారు. బొత్తం నొక్కితే ముప్పై సెకన్లు. ఆలోపు మన గురించి ఇంగ్లీషులో చెప్పాలి.

నా వంతు వచ్చింది. "మైసెల్ఫ్..." అని అక్కడే ఆగిపోయాను. సార్ వాచీ వైపే చూస్తూ కూర్చుని, టక్కున బొత్తం నొక్కారు.

"అయిపోయింది బాబూ. ఇక మీ ఊరు తణుకు బస్సెక్కు. నెక్స్ట్!"

క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదే గదిలో, ఇవే ముప్పై సెకన్లు ఈయనకి చూపించకపోతే నా పేరు మార్చుకుంటానని మెట్లు దిగుతూ ఒట్టు పెట్టుకున్నాను.

ఉద్యోగం వచ్చింది. పనిలో దిగాక, ఆయన్ని ఎరిగిన సీనియర్ల వల్ల అసలు సంగతి తెలిసింది. బోర్డు మీద 'పదేళ్ల రియల్ టైం అనుభవం' అని రాయించుకున్న ఆ మహానుభావుడు ఒక్కరోజు కూడా కంపెనీ గడప తొక్కలేదు. తన ప్రాజెక్టని మాకు రాయించిన నోట్సు ఆ సందులో జిరాక్సు షాపుల్లో దొరికేదే, తప్పులతో సహా.

అప్పట్లో కొత్త బ్యాచికి డెమో క్లాసు పెడితే, ఉద్యోగం వచ్చిన పాత విద్యార్థిని తెచ్చి నిలబెట్టడం ఆనవాయితీ. సార్ నాకే ఫోన్ చేశారు. "మనవాడివి, వచ్చి రెండు మాటలు చెప్పు బాబూ" అన్నారు. చెబుతాను, ఎందుకు చెప్పను!

మర్నాడే పంజగుట్టలో వాచీల షాపుకి వెళ్లాను. షాపు భాయ్ రెండు వాచీలు పక్కపక్కన పెట్టాడు. చూడ్డానికి రెండూ అచ్చం సార్ వాచీలాగే ఉన్నాయి.

"గిది ఆటోమేటిక్ అన్న. మస్తు దర్జా. కానీ రెండ్రోజులు ఇంట్ల పడేస్తే ఆగిపోతది, టైం సుత జర అటూ ఇటూ అయితది. గది క్వార్ట్జ్. సెల్లు ఏస్తే పక్కా టైం, ఫికర్ లేదు."

మనసు ఆటోమేటిక్ వైపే లాగింది. ఆయనతో సమానంగా కూర్చోవాలని కదా! రెండింటి బొత్తాలూ నొక్కి చూశాను. ఆటోమేటిక్‌లో ముల్లు నూనె మీద జారినట్టు పోతోంది. ఆయనకి అంత మర్యాద ఎందుకు? క్వార్ట్జ్‌లో సెకనుకో గెంతు, టిక్కు టిక్కుమని. అదే కొన్నాను.

డెమో రోజు గది కిటకిటలాడుతోంది. నా వాచీ విప్పి టేబుల్ మీద పెట్టాను.

"ఏంటి బాబూ, క్వార్ట్జా?" అని సార్ చిన్నగా నవ్వారు.

"అవును సార్. సెకను కూడా తప్పదట. వీళ్లకి ఒక్కటి చెప్పండి. పదేళ్లు ఏ కంపెనీలో చేశారు, ఏ ప్రాజెక్టు? ముప్పై సెకన్లు."

బొత్తం నొక్కాను. ముల్లు టిక్కు టిక్కుమని గెంతుతోంది. సార్ పెదాలు కదిలాయి. "అది... కాన్ఫిడెన్షియల్..." అన్నారు. చొక్కా చంకల్లో తడిసిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అయిపోయింది సార్. నెక్స్ట్!"

నా కడుపుమంట చల్లారింది. పెద్దాయన మీద జాలిపడాల్సిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేనెందుకు పడాలి?

ఆ తర్వాత సార్ మాక్ ఇంటర్వ్యూల్లో వాచీ పెట్టడం మానేశారని విన్నాను. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తవాళ్లని ఇంటర్వ్యూ చేసేది నేనే. ఆ క్వార్ట్జ్ టేబుల్ మీదే ఉంటుంది. మొన్న ఒకమ్మాయి "మైసెల్ఫ్..." అని ఆగిపోయింది. ముల్లు ముప్పై దాటేదాకా చూసి, బొత్తం నొక్కాను.