వెళ్ళొస్తాం పాట

మా డెలినా వదినకి ఎలుగుబంట్లతో నలభై ఏళ్ళ పరిచయం. వాటికి తిండి పెట్టింది, వాటి మాంసం వండింది, కొవ్వు కరిగించి జాడీల్లో పోసి చలికాలమంతా రొట్టెల పిండిలో కలిపింది. కానీ ఒక్కదాన్నైనా ప్రాణంతో ఉండగా చూడలేదు.

ఈ మాట వింటే మా నది ఒడ్డు ఊళ్ళలో ఎవరూ ఆశ్చర్యపోరు. ఎర పెట్టి ఎలుగుని కొట్టే ఇళ్ళలో పని రెండుగా విడిపోతుంది. ఒకరు తుపాకీతో చెట్టు మీద కూర్చుంటారు, ఇంకొకరు వెళ్ళిపోతారు. ఎలుగుకి ముక్కుంది, చెవులున్నాయి, లెక్క మాత్రం రాదు. మనుషులు వచ్చారని దానికి తెలుసు. ఖాళీ బకెట్టు మోగించుకుంటూ, గోల చేసుకుంటూ ఒకరు బండి దాకా పోయి తలుపు ధడాలున వేస్తే, అందరూ పోయారనుకుంటుంది. అప్పుడు ఎర పోసి ఉంచిన పీపా దగ్గరికి వస్తుంది. మా అన్న అల్సీద్ కూర్చునేవాడు. వదిన వెళ్ళిపోయేది.

ఆమె పుట్టింది నదికి ఎగువన, బంగాళాదుంపల పొలం మీద. ఇంటినిండా పిల్లలు. పొలం అటు చివర ఉన్న అన్నదమ్ముల్ని భోజనానికి కేకేసి పిలిచే పని ఆమెది. గొంతు అందుకే అలా తయారైందనేది. చర్చిలో పాడేటప్పుడు ఫాదర్ ఆమెని వెనక వరసలో నిలబెట్టేవాడు. ముందు వరసలో పెడితే మిగతావాళ్ళు పాడుతున్నారో నోరాడిస్తున్నారో తెలియడం లేదని ఆయన బాధ. పెళ్ళై మా ఇంటికి వచ్చిన మొదటి ఆగస్టులోనే అల్సీద్ ఆమె చేతికి బకెట్టిచ్చి అడవికి తీసుకుపోయాడు. అలా ఆ పని ఆమెదైపోయింది.

ఆమె పాడేది ఏదో ఒక పాట కాదు. చర్చి పాట వరస ఒకటి తీసుకుని ఇంటి పనులన్నీ అందులో కట్టేసింది.

వెళ్ళొస్తాం, వెళ్ళొస్తాం,
పొయ్యి మీద చిక్కుడు గింజల కుండుంది,
కోళ్ళ గూటికి తలుపెయ్యాలి,
అల్సీద్ చొక్కాకి గుండీ కుట్టాలి,
వెళ్ళొస్తాం, వెళ్ళొస్తాం.

మధ్యలో పనులు ఏటేటా మారేవి. ఒక ఏడు పిల్లాడికి దగ్గు, ఒక ఏడు ఆవు ఈనడం. మొదటి మాట, చివరి మాట మారలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి, "ఈ పూట నేను కూర్చుంటానయ్యా" అని అడిగిందట. అల్సీద్ పగలబడి నవ్వి, "నువ్వు కూర్చుంటే పాడేదెవరే? నేను పాడితే ఎలుగే కాదు, నక్కలు కూడా ఊరొదిలి పోతాయి" అన్నాడట. ఆమె కూడా నవ్వింది. మళ్ళీ అడగలేదు. అల్సీద్ చెడ్డవాడు కాదు. వచ్చాక అన్నీ చెప్పేవాడు, చుక్కలు పొడిచేదాకా ఎలా కాచాడో, ఎలుగు ఎంతసేపటికి వచ్చిందో, చెట్టు మీద తన కాళ్ళెలా తిమ్మిరెక్కాయో. కొంచెం పెంచి చెప్పేవాడు. వదిన అవన్నీ విని కాఫీ పోసేది.

మంచు కరిగే రోజుల్లో గుండె ఆగి అల్సీద్ పోయాడు. ఆ వేసవిలో ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. కొడుకు రేనాల్, కోడలు క్లొదెత్, నేను. వదిన పెనం దగ్గర నిలబడి ప్లోయ్‌లు, అంటే బక్‌వీట్ పిండితో పసుప్పచ్చగా వచ్చే మా వైపు అట్లు, పోస్తోంది. ఆ అడవి భూమి యజమానులు మేం ఎర పెట్టే చోటుని వచ్చే ఏడు నుంచి వేరేవాళ్ళకి ఇస్తున్నారని రేనాల్ చెప్పాడు. "ఇదే ఆఖరు" అన్నాడు.

వదిన అట్టు తీసి కొడుకు పళ్ళెంలో వేసింది. "అయితే ఈసారి నేను కూర్చుంటా."

"ఎక్కడ?" అన్నాడు రేనాల్ నోట్లో ముద్దతోనే.

"ఎక్కడేమిట్రా, చర్చిలోనా? చెట్టు మీద."

"నిచ్చెనెక్కాలంటే మీ మోకాళ్ళు ఒప్పుకోవాలిగా అత్తయ్యా" అంది క్లొదెత్.

"వాటినెవరడిగారు? అడిగితే మంచం కూడా దిగనివ్వవు."

"తుపాకీ పేలుస్తావా అమ్మా?"

"నాకెందుకురా తుపాకీ? అది నువ్వే పట్టుకో. నేను పక్కన కూర్చుని చూస్తాను, అంతే. ఆ పీపా నింపీ నింపీ నా చేతులు పాకం పట్టిపోయాయి. ఎలుగొచ్చి తింటుంటే ఎలా ఉంటుందో చచ్చేలోగా ఒక్కసారి చూడాలి."

నవ్విస్తూ మొదలుపెట్టిన మాట "ఒక్కసారి" దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గిపోయింది. ఆ గొంతు తగ్గగా నేనంతకుముందు విన్నది అల్సీద్ సమాధి దగ్గర మాత్రమే.

ఆగస్టంతా పీపాలో ఎర పోశారు. బేకరీలో మిగిలిన డోనట్లు, వేపుడు నూనె, మొలాసిస్ బెల్లప్పాకం కలిపిన ఓట్స్. పీపా అంచున జిడ్డులో పెద్ద పంజా ముద్రలు పడ్డాయి. ముసలి మగ ఎలుగు అన్నాడు రేనాల్, పోయినేడు కూడా ఇదే వచ్చింది, నాన్నకి దొరకలేదు.

వేట మొదలైంది. వదిన నిచ్చెనెక్కి కొడుకు పక్కన కూర్చుంది. క్లొదెత్ బకెట్టు పట్టుకుని ఫోన్లో చెల్లెలితో గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. ఎలుగు రాలేదు. ఫర్ చెట్ల గుబురులో పుల్ల విరిగిన చప్పుడు వినిపించేది, తర్వాత ఏమీ ఉండేది కాదు. తెల్లారి చూస్తే పీపా ఖాళీ. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. దుంపల తవ్వకం దగ్గరపడుతోంది. అది మొదలైతే రేనాల్‌కి అడవి సంగతే ఉండదు.

ఒక సాయంత్రం బండిలో తిరిగొస్తూ రేనాల్ ఉండబట్టలేక అన్నాడు. "అది నీ పాట కోసం చూస్తోందమ్మా. పాట వినపడకపోతే దాని లెక్కలో మనం ఇంకా అక్కడే ఉన్నట్టు."

"నా గొంతుకేమొచ్చింది?" అంది క్లొదెత్.

"బానే ఉంది. ఎవరూ నమ్మరంతే."

"నిన్ను చేసుకుంటానంటే నమ్మావుగా!"

వదిన కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇల్లు వచ్చాక బండి దిగకుండానే అంది, "అయితే పాడుకుంటూ నేనే వెళ్తాను. బండి తలుపేస్తాను. తర్వాత వాగులో దిగి, నీళ్ళలోంచి నడుచుకుంటూ వెనక్కొస్తాను. నీళ్ళలో వాసన నిలవదు. నీ చెట్టు కింద నిలబడి చూస్తాను."

"నాన్న ఉంటే నీ కాళ్ళు విరగ్గొట్టేవాడు."

"మీ నాన్న ఉంటే నేనిక్కడ ఉండేదాన్నా? వంటింట్లో కుండ దించుతూ ఉండేదాన్ని."

మర్నాడు ఆమె పాడుకుంటూ వెళ్ళింది. చాలా రోజుల తర్వాత ఆ పాట అడవంతా వినిపించిందని, పైన కూర్చున్న తనకి తండ్రి పక్కనే ఉన్నట్టు అనిపించిందని రేనాల్ తర్వాత నాతో చెప్పాడు. బండి తలుపు మోగింది. వదిన అల్సీద్ నారింజరంగు టోపీ తలకి పెట్టుకుని, అతని రబ్బరు బూట్లు వేసుకుని వాగులో దిగింది. గాలి ఆమె మొహం మీదికే వీస్తోంది. తొందరపడలేదు. చుక్కలు పొడిచేదాకా ఎలుగు రాదని నలభై ఏళ్ళు విన్న మనిషి ఆమె. రాళ్ళు చూసుకుంటూ, మోకాలు నొప్పెడితే ఆగుతూ నడిచింది. అల్సీద్ చెప్పిన కథల్ని ఆమె కొలతలుగా తీసుకుంది. అదే పొరపాటు.

ఎలుగు అంతసేపు ఆగేది కాదు. తలుపు మోగిన వెంటనే బయల్దేరేది.

ఇంకో పొరపాటు కూడా జరిగింది. వాగు వంపు తిరిగాక ఒడ్డెక్కాల్సింది, మోకాలు ఇక ఒప్పుకోక వంపుకి ముందే ఎక్కేసింది. పొద కొమ్మ పక్కకి తీసేసరికి ఎదురుగా పీపా ఉంది. పీపా దగ్గర ఎలుగు ఉంది. ఎలుగుకి ఆవల, సూటిగా, కొడుకు కూర్చున్న చెట్టు.

అప్పటికే రేనాల్ తుపాకీ ఎత్తి ఉన్నాడు. గొట్టానికి ఎదురుగా, ఎలుగు వీపు వెనక నారింజరంగు టోపీ కనపడింది. తుపాకీని ఆకాశం వైపు తిప్పేశాడు.

వదిన చూసింది. ఎలుగు మనిషిలా చతికిలబడి కూర్చుని పీపాని ఒళ్ళోకి తీసుకుంది. పంజాతో ఒక్కొక్క డోనట్టూ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి తింటోంది. భుజం మీద వెంట్రుకలు ఊడిన మచ్చ ఉంది. నాలుకతో పంజా నాక్కుంటున్న చప్పుడు, తింటూ తీసే ఊపిరి, అన్నీ వినపడుతున్నాయి. "ఇంటికొచ్చిన చుట్టం తింటుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసినట్టుంది ఇర్మా" అంది నాతో.

అంతలో కాలి కింద రాయి జారింది. ఎలుగు తలతిప్పింది.

పరిగెత్తకూడదని ఆమెకి తెలుసు. తెలిసినవి ఇంకా చాలా ఉన్నాయి గానీ ఒక్కటీ గుర్తురాలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

వెళ్ళొస్తాం, వెళ్ళొస్తాం.

ఎలుగు చెవులు కదిలాయి. ఆమెనే చూస్తూ విన్నది. పొయ్యి మీది కుండ దాకా విన్నది. తర్వాత మెల్లగా అటు తిరిగి మళ్ళీ పీపాలో తల పెట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఆ గొంతు విన్న ప్రతిసారీ దానికి తిండే దొరికింది గానీ చెడు జరగలేదు.

చెట్టు మీద రేనాల్ అరచెయ్యి ఊపుతున్నాడు, జరుగు, జరుగు అని. వెలుగు తగ్గుతోంది. చీకటి పడితే కాల్చడానికి చట్టం ఒప్పుకోదు. ఆమె అక్కడే నిలబడితే అతను కాల్చలేడు. పాట ఆపకుండా నిలబడింది. కోళ్ళ గూడు అయింది. అల్సీద్ చొక్కా వచ్చింది, గుండీ వచ్చింది. అదీ అయిపోయింది.

అప్పుడు పక్కకి అడుగు వేసింది. పాడుతూనే పొదల అంచున చుట్టూ తిరిగి కొడుకున్న చెట్టు దగ్గరికి వచ్చింది. చెట్టుకి అవతల నిలబడి, బెరడు మీద చెయ్యేసి, వెనక్కి తిరిగి చూసింది. పాట ఇంకా ఆపలేదు. రేనాల్ కాల్చాడు.

నల్ల ఎలుగు చచ్చేముందు మూలుగుతుంది. చాలాసేపు కాదు, కానీ విన్నవాళ్ళు మర్చిపోరు. మనిషి మూలిగినట్టే ఉంటుంది. అల్సీద్ తన కథల్లో అన్నీ పెంచి చెప్పాడు గానీ, ఈ ఒక్కటి ఎన్నడూ చెప్పలేదు. అది ఆగేదాకా వదిన కదలకుండా నిలబడింది.

మర్నాడు పొద్దున నేను వాళ్ళ షెడ్డుకి వెళ్ళాను. రేనాల్ చర్మం ఒలిచి ఇచ్చాడు, మేమిద్దరం కొవ్వు కోసి కుండలో వేస్తున్నాం. అతనికి ఇంకా కోపం తగ్గలేదు. "అత్తా, నువ్వైనా చెప్పు. నా తుపాకీ ఎదురుగా నిలబడి కచేరీ పెట్టింది మీ వదిన" అన్నాడు.

"మంచి కచేరీయే. నువ్వు చప్పట్లు కొట్టలేదు" అంది వదిన. అతను తల అడ్డంగా ఊపి బయటికి పోయాడు.

నేను ఆగలేక అడిగాను. "పక్కకి ఎందుకు జరిగావు వదినా?"

"జరక్కపోతే అది బతికేది. ఆ సంగతి నాకు అక్కడే తెలుసు. నువ్వు చదివే పుస్తకాల్లో అయితే జరక్కుండా ఉండేదాన్నేమో." కొవ్వు ముక్క కుండలో వేసింది. "నేను వెళ్ళింది చూడటానికి. అది తింటుంటే చూసి, పడుతుంటే కళ్ళు మూసుకుంటే చూసినట్టా? మీ అన్న కొట్టాడు, రేనాల్ కొట్టాడు అంటారు అందరూ. వెళ్ళిపోతున్నాం అని నమ్మించింది నేను. ఎదురుగా నిలబడ్డా నమ్మింది ఇర్మా. నా మొహం చూసి కూడా నమ్మింది. అలాంటప్పుడు చివరిదాకా ఉండకుండా ఇంటికెలా వస్తాను?"

నేను ఇంకో కొవ్వు ముక్క ఆమె వైపు జరిపాను.

"ఆ మూలుగు సంగతి మీ అన్న ఒక్కసారైనా చెప్పలేదు చూడు" అంది. "చెబితే నేను పాడనని భయపడ్డాడేమో."

"పాడేదానివి కాదా?"

వదిన కత్తి పక్కన పెట్టింది. చాలాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ఆలోచించినట్టు.

"పాడేదాన్నే. ఇంటినిండా తినే నోళ్ళున్నాయి అప్పుడు. కాకపోతే నా కుండనీ మీ అన్న చొక్కానీ అందులోకి లాగకుండా ఇంకో పాట పాడేదాన్ని" అని, కత్తి నూరుకోవడానికి లేచింది.