లేడీస్ బ్యాచ్‌కి ఆరో మనిషి

నేను ఈత నేర్చుకోవాలని నీళ్ళలో దిగలేదు. లెక్క తక్కువైతే దిగాను.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక సందులో ఉండేదా స్విమ్మింగ్ పూల్. పొద్దున పది నుంచి పదకొండు వరకు ఆడవాళ్ళకు, అది కూడా ఆరుగురుంటేనే. ఐదుగురైతే ఆ గంట ఇంకో బ్యాచ్‌కి పోతుందని కోచ్ మేడమ్ మొదటిరోజే చెప్పేసింది. మా అమ్మ, మా పైవాటాలో కిరాయికుండే గుంటూరు ఆంటీ, గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిల దుకాణం నడిపే, నేను పెద్దమ్మ అని పిలిచే ఒకామె, వనస్థలిపురం నుంచి వచ్చే ఇద్దరు టీచర్లు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఐదుగురే. అమ్మ నా వైపు చూసింది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను, అంటే ఖాళీగా ఉన్నాను.

నిజానికి అప్పుడు అందరం ఖాళీయే. సకల జనుల సమ్మె నడుస్తోంది. బళ్ళు లేవు కాబట్టి టీచర్లకు పని లేదు, కాలేజీ లేదు కాబట్టి నాకు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల దుకాణం షట్టరు సగం దించి ఉండేది, దాని వెనక నాన్న పేపరు మొత్తం చదివి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చేవాడు. రోజూ దుకాణంలో కూర్చునే అమ్మకు నలభై నాలుగేళ్ళకి మొదటిసారి పొద్దున పదింటికి చేతిలో పనిలేకుండా పోయింది. రాష్ట్రం కోసం ఎవరెవరో ఏమేమో చేస్తున్నారు, మా అమ్మ ఈత నేర్చుకుంటానంది.

ఎందుకూ అని అడిగితే ఒకే జవాబు. వాళ్ళది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. చిన్నప్పుడు మా మేనమామలు వీపుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని బావిలో దూకేవాళ్ళు. ఆ బుర్రలు కట్టేది అమ్మ. గట్టు మీద నిలబడి ముగ్గురు అన్నలకు ముళ్ళు వేసి నీళ్ళలోకి పంపేది. ఆడపిల్ల బావిలో దిగకూడదు.

"ముడి వేసుడు నాకు బాగొస్తది. నీళ్ళే రావు," అనేది. ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరకు, కడ్డీ పట్టుకోకుండా పోవాలి. ఆమెకు కావలసింది అంతే. చాలా చిన్న కోరిక. చిన్న కోరికలతోనే ఇంట్లో వాళ్ళకు ఎక్కువ పరేషాన్.

మొదటిరోజు ఈత డ్రెస్సు చేతికిస్తే, అమ్మ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది. "నూలు పోగు లేదు గీండ్ల. గిదేం బట్ట?"

"అమ్మా, ముందు తొడుక్కోండి," అంది కోచ్ మేడమ్.

"తొడుక్కుంట. గని దీన్ని బట్ట అనకు."

గుంటూరు ఆంటీకి మాత్రం ధైర్యం ఎక్కువ. "మాది కృష్ణ ఒడ్డమ్మా, నీళ్ళు మాకు కొత్తేంటి," అంటూ అందరికన్నా ముందు దిగి, అందరికన్నా ముందు మునిగింది. పైకి తీశాక కూడా అదే మాట అనబోయింది కానీ దగ్గు అడ్డమొచ్చింది.

అమ్మకూ ఆంటీకీ స్నేహమా కాదా అన్నది నాకు ఆరేళ్ళుగా తెలియలేదు. అమ్మ ఆమెను "వదినె, నువ్వు" అంటుంది. ఆంటీ అమ్మను "వదినగారూ, మీరు" అంటుంది. మొదటి ఏడాది ఆంటీ అమ్మకు మర్యాద లేదనుకుంది, అమ్మ ఆంటీకి ప్రేమ లేదనుకుంది. గోంగూర పచ్చడి కిందికి వస్తుంది, సకినాలు పైకి వెళ్తాయి, రెండిళ్ళలోనూ గిన్నె తిరిగిస్తూ రెండోవాళ్ళకు వంట రాదని నాకు చెప్తారు. ఈతలో చేరాక ఇద్దరూ మధ్యాహ్నాలు డాబా మీద బేసిన్ నిండా నీళ్ళు పోసి, వంతులవారీగా మొహం ముంచి ఊపిరి బిగపట్టడం సాధన చేసేవాళ్ళు. ఒకరు ముంచితే ఒకరు అంకెలు లెక్కపెట్టాలి. తను మొహం ముంచినప్పుడు అమ్మ నిదానంగా లెక్కపెడుతుందని ఆంటీ ఫిర్యాదు. పక్క డాబా వాళ్ళు చూసి, ఇదేదో నిరసన కార్యక్రమం అనుకుని ఊరుకున్నారు. ఆ రోజుల్లో వింతగా ఏం చేసినా ఉద్యమంలో కలిసిపోయేది.

మూడో వారానికి అమ్మ తేలింది. ఆ మర్నాడు పెద్దమ్మ తేలింది, అరిగిన మోకాళ్ళతో సహా. టీచర్లు తేలారు. నేను కూడా ఎవరూ గమనించని సమయంలో తేలాను. ఆంటీ తేలలేదు.

గొడవ ఆ వారమే. మేమంతా వరసగా కడ్డీ పట్టుకుని కాళ్ళు కొడుతున్నాం. ఆంటీ అప్పుడే ఒకసారి మునిగి లేచింది. మొహం తుడుచుకుంటూ, "రాష్ట్రం విడిపోతే మేం వెళ్ళిపోవాల్సిందేనట. మావారి ఆఫీసులో అందరూ అదే మాట," అంది.

పెద్దమ్మది మార్కెట్లో వేలంపాట పాడే గొంతు. మెల్లగా మాట్లాడినా చౌరస్తా దాకా వినిపిస్తుంది. "కృష్ణ నీళ్ళన్నీ మావే అంటిరి గదనే వదినె. మరి గీ నడుమంత నీళ్ళల్ల మునుగుడేంది?"

టీచర్లు నవ్వారు. నేను కూడా నవ్వాను, అది బాగుంది మరి. ఆంటీ నవ్వలేదు. "మమ్మల్ని పొమ్మంటారు, అంతేగా," అంది అమ్మ వైపు తిరిగి. సరిగ్గా అప్పుడే అమ్మ ముక్కులోకి నీళ్ళు పోయాయి. ముక్కులో నీళ్ళున్న మనిషి రాజకీయం మాట్లాడకూడదు. అమ్మ మాట్లాడింది.

"పోతే పోండ్రి! ఎవలొద్దన్నరు?"

అందరి కాళ్ళూ ఆగిపోయాయి. కోచ్ మేడమ్ ఈల వేసింది. రాష్ట్ర విభజన మీద ఆ పూల్‌లో అంతకు మించి చర్చ జరగలేదు.

మర్నాడు ఆంటీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కోచ్ మేడమ్ తలలు లెక్కపెట్టి, "శనివారం దాకా చూస్తా. అప్పటికీ ఐదుగురే అయితే, సోమవారం నుంచి ఈ టైం పోటీలకెళ్ళే వాళ్ళకిచ్చేస్తా. నా చేతుల్లో లేదు," అంది. అమ్మ అప్పటికి సగం దూరం పోగలుగుతోంది. సగం దాటాక నేల లోతుకు జారుతుంది. అక్కడ ఒక తాడు కట్టి ఉండేది. తాడు దాకా వచ్చి, దాన్ని పట్టుకుని, అవతలి గోడ వైపు చూసి వెనక్కి వచ్చేసేది. ఇంకో వారం దొరికితే చాలు అనేది, ఎవరితోనూ కాకుండా.

"పైకి పోయి ఆంటీని పిలువొచ్చు కదా," అన్నాను.

"మానేసింది నేను గాదు. ఆమె రాకుంటే నేనెందుకు పిలవాలె?"

"మాట అన్నది నువ్వే కదమ్మా."

"ఆమె పోతమన్నది. నేను పోండ్రి అన్న. గండ్ల తప్పేమున్నది?"

నాకు నిజంగానే తెలియలేదు. మాటలు మాత్రమే చూస్తే అమ్మ చెప్పింది సబబే. అమ్మ మొహం చూస్తే కాదు. పైకి వెళ్ళి ఆంటీని అడిగితే తలుపు సగమే తీసి, "పరిస్థితులు బాలేవమ్మా. మనుషుల మధ్య ఇదివరకటిలా లేదు," అని టీవీలో వాళ్ళలాగా మాట్లాడింది. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళు ఒక పూల్‌లో విడిపోయారంటే ఇంక మిగతా వాళ్ళు ఎట్లా కలిసుంటారని నాకు కొంచెం దిగులేసింది కూడా. దిగులు పడటం నాకు అలవాటు లేదు కాబట్టి బట్టలు ఆరేద్దామని శుక్రవారం మధ్యాహ్నం డాబా ఎక్కాను.

ఆంటీ నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని బేసిన్‌లో మొహం పెట్టి ఉంది. లెక్కపెట్టేవాళ్ళు లేక తనే వేళ్ళు మడుస్తోంది. పన్నెండో అంకె దగ్గర మొహం ఎత్తి నన్ను చూసింది.

"మీ అమ్మకు చెప్పకు," అంది నీళ్ళు కారే మొహంతో.

"ఏం చెప్పొద్దాంటీ?"

"ఆ పెద్దావిడ తేలింది. మీ అమ్మ తేలింది. నువ్వు కూడా తేలావు, నీకసలు శ్రద్ధే లేదు. నేను మాత్రం రాయిలా కిందికే. ఒడ్డున పుట్టిన దాన్ని. ఎంత నవ్వుకున్నారో చూశావుగా."

"మరి రాష్ట్రం, పరిస్థితులు?"

"అవి కూడా ఉన్నాయిలేమ్మా," అంది ఆంటీ, పక్కన పెట్టిన సామాను గుర్తొచ్చినట్టు. "మావారు ఇల్లు ఖాళీ చేద్దామంటున్నారు. అదీ నిజమే."

ఏది ఎంత నిజమో అప్పుడు అర్థం కాలేదు. రాష్ట్రం గురించి బాధపడి తేలట్లేదా, తేలక రాష్ట్రం గురించి బాధపడుతోందా? చెప్పొద్దంది కాబట్టి కిందికి దిగి వెంటనే అమ్మకు చెప్పేశాను.

"గంతేనా?" అంది అమ్మ. తర్వాత, "గంతే అయితే చెప్పొద్దా?" అంది. తర్వాత కొంగు దులుపుకుని పైకి వెళ్ళింది. నేను మెట్ల మీద నిలబడి విన్నాను.

"వదినె, రేపు బందంట. ఆటోలు నడవయ్. ఎల్బీనగర్ దాక ఒక్కదాన్నే నడవాల్నంటే భయమైతుంది. జర తోడు రా."

ఒక్కతేమిటి, నేను లేనా? అయినా నోరు మూసుకున్నాను.

"మీకు భయమేంటి వదినగారూ? బంద్ మీవాళ్ళదేగా."

"మావాళ్ళదే. అందుకే భయం. దోవల గుర్తువట్టి ఏడికి అంటే ఏం జెప్పాలె? ఈతకు పోతున్ననని చెప్పాల్నా?"

"అయితే ఆ సంచీ నాకివ్వండి. నన్నెవరూ గుర్తుపట్టరు," అంది ఆంటీ.

శనివారం ముగ్గురం మా ఇల్లున్న కొత్తపేట నుంచి విజయవాడ రోడ్డు మీద నడిచాం. ఎప్పుడూ దాటడానికే పది నిమిషాలు పట్టే రోడ్డు, మధ్యలో నడుస్తుంటే అద్దెకున్న ఇంట్లో ఓనర్ గదిలోకి మనం అడుగుపెట్టినట్టుంది. చౌరస్తా దగ్గర వంటావార్పు. రోడ్డు మధ్యలో ఇటుకల పొయ్యిలు, పెద్ద గుండిగలు, జెండాలు. మమ్మల్ని చూసి గరిటె పట్టుకున్న ఒకాయన ఎదురొచ్చాడు.

"ఎక్కడిదాకనమ్మా?"

"దవాఖానకు," అంది అమ్మ.

"ముగ్గురా? తిని పోండ్రి. ఆకలితోని ఎవలూ పోవద్దు గీన్నుంచి."

కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. అన్నం, పప్పుచారు. ఆంటీ ఈత బట్టల సంచీ ఒళ్ళో దాచుకుని తల వంచుకుని తింటోంది. ఆయన రెండోసారి వడ్డిస్తూ ఆమె దగ్గర ఆగాడు. "మీదే ఊరమ్మా?"

చుట్టుపక్కల నాలుగు విస్తళ్ళ వాళ్ళు తలెత్తారు. ఆంటీ నోట్లో ముద్ద ఉంది.

"మా వదినె," అంది అమ్మ.

"గట్లనా," అని ఆయన ఇంకో గరిటె వేశాడు. అక్కడితో అయిపోయేది. కానీ ఆంటీ ముద్ద మింగి, అచ్చమైన గుంటూరు గొంతుతో, "పప్పుచారులో ఉప్పు తక్కువైందండీ," అంది.

నా చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన ఆమె వైపు చూశాడు, గుండిగ వైపు చూశాడు, చేతిలో కొంచెం పోసుకుని నాకాడు. "నిజమేరా! ఉప్పు తెండ్రి!" అని వెనక్కి తిరిగి అరిచాడు.

పూల్‌కు వెళ్ళేసరికి పదిన్నర. గేటు సగం మూసి ఉంది, పెద్దమ్మా టీచర్లూ అప్పటికే నీళ్ళలో ఉన్నారు. మొత్తం ఆరుగురం. ఆ లెక్క సరిపోయింది కానీ కోచ్ మేడమ్ మా మొహాలు చూసి, "తిని వచ్చారా? తిన్నాక ఈదొద్దని చెప్పాను కదా?" అంది. ఉద్యమం తినిపించిందని చెప్పాం. ఆమె తల కొట్టుకుని, కాసేపు గట్టు మీద కూర్చోమంది. మిగిలింది పది నిమిషాలు.

ఆ పది నిమిషాల్లో ఆంటీ రెండుసార్లు మునిగింది. ఈసారి పెద్దమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటానికి ఆమె పడుతున్న కష్టం చూస్తే జాలేసింది. అమ్మ తాడు దాకా వెళ్ళింది. పట్టుకుంది. వెనక్కి తిరిగి ఆంటీని చూసింది. తర్వాత తాడు కిందినుంచి అవతలికి దూరి, వదిలేసి, చేతులు కొట్టుకుంటూ పోయింది. అందంగా ఏమీ లేదు. బట్టలు ఉతుకుతున్నట్టుంది. కానీ పోయింది. అవతలి గోడ పట్టుకుంది.

పట్టుకుని మా వైపు తిరిగింది, మొహమంతా అయోమయం. "ఇప్పుడు ఎట్ల రావాలె?"

ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ముప్ఫై ఏళ్ళు ఆమె అనుకున్నది ఆ చివరి దాకానే.

"నిచ్చెనెక్కి గట్టు మీద నడిచి రండమ్మా," అంది కోచ్ మేడమ్.

అమ్మ తల అడ్డంగా ఊపింది, కానీ గోడ వదల్లేదు. అప్పుడు ఆంటీ కడ్డీ వదిలేసి, నీళ్ళలో నడుచుకుంటూ తాడు దాకా వచ్చింది. నీళ్ళు మెడ దాకా ఉన్నాయి. చెయ్యి చాపింది. "రండి వదినా. నేనిక్కడున్నా."

పెద్దమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. "మునిగెటామె కాడికి ఈదుకుంట పోతవానే?"

అమ్మ గోడను తన్నింది. సగం దారిలో ఊపిరి తప్పింది, అయినా చేతులు ఆడిస్తూనే వచ్చి ఆంటీ చెయ్యి అందుకుంది. ఆ క్షణమే ఆంటీ కాలు జారే చోట పడింది. ఇద్దరూ కలిసి మునిగారు. కలిసే లేచారు, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, దగ్గుతూ, కళ్ళు ఎర్రగా.

"నువ్వే గుంజినవ్!"

"నేనా? మీరే లాగారు! నేను నిలబడే ఉన్నా!"

"అడుగు, దాన్నే అడుగు," అంది అమ్మ. ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను చేతికందే దూరంలోనే ఉన్నాను, కళ్ళు తెరిచే ఉన్నాను. ఎవరు ఎవరిని ముంచారో, ఎవరు ఎవరిని లేపారో ఇప్పటికీ చెప్పలేను.

"సోమవారం మల్ల చూద్దాం. ఎవలు గుంజుతరో తేలుతది," అంది అమ్మ.

"సోమవారం మావారు గుంటూరు వెళ్దామన్నారు, ఇల్లు చూడటానికి," అంది ఆంటీ.

"మంగళవారం?"

ఆంటీ ముక్కు చీదుకుంది. భుజం మీద చెయ్యి తీయలేదు. "మంగళవారం వస్తా."

గట్టు మీద కోచ్ మేడమ్ ఈల నోటి దాకా తెచ్చుకుని, వేయకుండా అలాగే నిలబడింది.