నునుపు తీగలు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం వరంగల్ బస్టాండులో తొర్రూరు బస్సు కోసం కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాను. సాయంత్రం అక్కడ మా ఆర్కెస్ట్రా ప్రోగ్రాం. నా సంచిలో బాస్ గిటారుకు కొత్త తీగలు రెండు రకాలున్నాయి. గరుకువి ఖంగుమని మోగుతాయి, నునుపువి మెత్తగా పలుకుతాయి. జనానికి నేను వినపడాలంటే గరుకువే కావాలి. కానీ వాటి మీద వేళ్లు జరిపినప్పుడల్లా బరబరమనే చప్పుడు మైకులో పడుతోందని, ఇంకోసారి వినిపిస్తే వేరేవాణ్ణి పెట్టుకుంటానని మా గాయని కచ్చితంగా చెప్పేసింది.

తీగలు తీసి చూడటం, మళ్లీ సంచిలో పెట్టడం. బెంచీ మీద నూలు మూటతో కూర్చున్న ముసలాయనకు విసుగొచ్చింది.

"ఊకె తిరుగుతవేంది బిడ్డా? జర కూసో. ఏంటియవి?"

చెప్పాను. రెండు తీగలూ అందుకుని, కళ్లు మూసుకుని బొటనవేలితో రుద్దాడు.

"మగ్గం మీద పోగు తెగితే ముడేసి, మేం గిట్లనే చూస్తం. ముడి వేలికి తగిలిందంటే, చీర కట్టుకునేటామెకు గుచ్చుకుంటది."

నునుపు తీగను నా చేతిలో పెట్టాడు.

"మరి నేను వినపడొద్దా పెద్దయ్యా?"

"చీరల నా ముడి ఎవలకు కనపడ్తది బిడ్డా?" అని మూట ఎత్తుకుని తన బస్సెక్కాడు.

ఆ సాయంత్రం నునుపువే బిగించాను. ప్రోగ్రాం అయ్యాక గాయని నవ్వుతూ, "ఇయ్యాల నువ్వున్నట్టే తెల్వలే" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. తీగలు మాత్రం మళ్లీ మార్చలేదు.