వెనక టైర్లూ మా అత్తయ్యా

మా మేనత్త కరెంటు కారు నడుపుతుంది. నడపడమంటే అలా ఇలా కాదు, పచ్చ లైటు పడిందంటే పక్కవాడు గేరు వేసేలోపు మలుపు దాటేస్తుంది. ఆమె పనిచేసే ట్రావెల్స్‌లో తోటి డ్రైవర్లు ఆమెను ‘మెరుపక్క’ అంటారు. ఎదురుగా గౌరవం, వెనకాల ఎగతాళి. ఆ సంగతి తెలిసినా ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టమే.

ఆ పేరే ఆమె కొంప ముంచబోయింది. కారు వెనక టైర్లు రెండూ ఏడాది తిరక్కుండానే పోయాయి. బయటినుంచి చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి, లోపలి అంచు మాత్రం తీగలు తేలేదాకా అరిగింది. మెరుపక్క తొక్కుడికి రబ్బరేం ఆగుతుందని షెడ్డంతా నవ్వింది. అత్తయ్యకు ఒళ్లు మండింది. ఓనరు ముచ్చటపడి వేయించిన వెడల్పాటి చక్రాలదే తప్పనీ, అవి ఆ బండికి నప్పవనీ అందరి ముందూ వాదించి, కంపెనీ చక్రాలే తిరిగి వేయించుకుంది. వాటికి కొత్త టైర్లూ వచ్చాయి. చివరికి అవీ లోపలివైపే అరిగిపోయాయి.

ఓనరు చెడ్డవాడు కాదు, మెల్లగానే చెప్పాడు. ఇంకో జత వేయిస్తాననీ, అదీ ఇలాగే పోతే బండి వేరేవాళ్లకు ఇవ్వక తప్పదనీ అన్నాడు. ఆ సాయంత్రం అత్తయ్య మా ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టుకోకుండా కూర్చుంది. మామయ్య పోయాక ఆమెను నిలబెట్టింది ఆ స్టీరింగే. అది చేజారితే ఏమైపోతుందోనని నాకు నిజంగా భయమేసింది.

“నిజం చెప్పత్తయ్యా, గట్టిగా తొక్కుతావా?” అని అడిగాను.

“తొక్కుతానే. నేను తొక్కితే టైరంతా అరగాలి కదా, లోపలి అంచొక్కటే ఏం పాపం చేసింది?” అంది. అన్నాక తనే ఆగిపోయింది.

వెంటనే వీధిలోకి వెళ్లి, కారు పక్కన నేలమీద పడుకుని, వెనక టైరుమీద అరచేత్తో అడ్డంగా రాసింది. నా చెయ్యి కూడా లాగి రాయించింది. ఒకవైపుకు రాస్తే నునుపు, తిప్పి రాస్తే రంపం పళ్లు. అంటే చక్రం తిన్నగా దొర్లడం లేదు, కొంచెం పక్కకు ఈడ్చుకుంటూ పోతోంది.

మర్నాడు ఇద్దరం అలైన్‌మెంట్ షాపుకి వెళ్లాం. మేస్త్రీ అలవాటు ప్రకారం ముందరి చక్రాలు చూసి అంతా బాగుందన్నాడు. వెనకవాటి సంగతేమిటంటే, వాటి జోలికి ఎవరూ పోరన్నాడు.

“ఈ బండిని తోసేది అవే అన్నయ్యా. ఇంత బ్యాటరీ బరువు మోస్తూ తోస్తున్నాయి. ఒక్కసారి చూడు,” అంది అత్తయ్య.

ఆయన గొణుక్కుంటూనే పరికరాలు వెనక చక్రాలకు తగిలించాడు. తెరమీద అంకెలు ఎర్రగా వెలిగాయి. గొణుగుడు ఆగింది. కారు కింది గుంతలోకి దిగి, బోల్టులు వదులు చేసి, రెండు చక్రాలనూ కొద్దికొద్దిగా సరిచేస్తూ అంకెలు పచ్చబడేదాకా వదల్లేదు. చివరికి అత్తయ్యకంటే ఆయనకే సంబరం ఎక్కువైంది. కొత్త జత ఆ తర్వాతే వేయించింది.

ఆ జత మామూలుగా నడవాల్సినంతా నడిచింది. తీసేసిన రోజున అత్తయ్య ఒక టైరును దొర్లించుకుంటూ ఓనరు గదిలోకి తీసుకెళ్లి ఆయన బల్లకు ఆనించింది. డ్రైవర్లు గుమ్మం దగ్గర మూగారు. ఓనరు అరచేత్తో అటూ ఇటూ రాసి చూశాడు. ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒకేలా అరిగింది.

“ముసలిదై పోయింది సార్, రోగమొచ్చి పోలేదు,” అంది అత్తయ్య.

ఓనరు నవ్వేశాడు. మిగతా కరెంటు కార్లన్నీ కూడా తీసుకెళ్లి వెనక చక్రాలు చూపించుకు రమ్మని ఆమెకే అప్పజెప్పాడు.

షెడ్డులోంచి కార్లు వరసగా బయల్దేరాయి. ముందు అత్తయ్య బండి, పక్క సీట్లో నేను, వెనక అప్పట్లో నవ్వినవాళ్లంతా. గర్వంతో నా గుండె ఉప్పొంగింది. పచ్చ లైటు పడింది. ఎప్పుడూ లేనిది అత్తయ్య తాపీగా కదిలింది. ఏమైందని అడిగాను.

“అందరూ చూడాలి కదే,” అంది.